సందుగలో పాత నోట్లు, రూపాయి బిళ్లలు ఉన్నాయా? అమ్మే ముందు ఇంట్లోనే ఇలా చూసుకోండి

పాతదైతే చాలు లక్షలు వస్తాయా అంటే, రావు. ట్రాక్టర్ బొమ్మ ఉన్న ఐదు రూపాయల నోటు, వైష్ణోదేవి అమ్మవారి బొమ్మ ఉన్న ఐదు రూపాయల బిళ్ల, ఖడ్గమృగం ఉన్న పావలా, వీటికి లక్షలు ఇస్తామని ఫోన్లలో తిరుగుతున్న వీడియోలన్నీ అబద్ధం. ట్రాక్టర్ నోటు ఇప్పటికీ చెల్లే నోటే, కోట్ల కొద్దీ అచ్చు వేశారు, కిరాణా దుకాణంలో ఇస్తే ఐదు రూపాయల సరుకు వస్తుంది, అంతే.

అట్లాగని ఇంట్లో ఉన్న పాత డబ్బంతా పనికిరానిదని కూడా అనుకోవద్దు. మన నల్లగొండ, పాలమూరు దిక్కు పాత ఇండ్లలో నిజంగా విలువైన బిళ్లలు ఉంటాయి. బాధేమిటంటే జనం భద్రంగా దాచేది ఒకటి, అసలు విలువ ఉన్నది మరొకటి. ట్రాక్టర్ నోటును ప్లాస్టిక్ కవర్లో పెట్టి బీరువాలో దాస్తారు, తాత ఇచ్చిన చార్మినార్ రూపాయిని మాత్రం అవుసులాయన తక్కెట్లో వేసి కాళ్ల పట్టీలు చేయించుకుంటారు. ఒకసారి కరిగిందంటే ఆ బిళ్ల మళ్లీ రాదు. కాబట్టి అమ్మడం, కరిగించడం, పారేయడం, ఏం చేసినా సరే, దానికి ముందు ఒక్క పూట కూర్చుని ఇక్కడ చెప్పినవి చూసుకోండి.

ధర దేన్ని బట్టి వస్తుంది

ఎంత పాతది అన్నది అన్నిటికంటే చిన్న విషయం. 1835 నాటి ఈస్టిండియా కంపెనీ పావు అణా రాగి బిళ్లకు దగ్గర దగ్గర 190 ఏళ్లు, కానీ అవి లెక్కలేనన్ని మిగిలి ఉన్నాయి కాబట్టి అరిగిపోయిన దానికి పెద్ద ధర రాదు. 1939 అని ఉన్న ఆరో జార్జి వెండి రూపాయి దానికంటే వందేళ్లు చిన్నది, కానీ మంచి స్థితిలో ఉన్నది దొరికితే నాణేలు సేకరించేవాళ్లు పోటీ పడి కొంటారు, ఎందుకంటే ఆ ఏడాదివి చాలా తక్కువ మిగిలాయి. అంటే చూడాల్సింది లోహం ఏమిటి, ఇంకా ఎన్ని మిగిలాయి, ఎంత బాగున్నది, కొనేవాడు ఉన్నాడా అన్నవి. ఈ నాలుగింట్లో మొదటిది మీరు ఇంట్లోనే తేల్చుకోవచ్చు, మూడోది మీ కళ్లతోనే కొంత తెలుస్తుంది, మిగతా రెంటికి కొంచెం వెతకాలి.

ముందుగా కుప్పలు చేయండి

ఒక తెల్ల బట్ట పరిచి అన్నీ దాని మీద పోయండి. చార్మినార్ గానీ ఉర్దూ, ఫార్సీ రాత గానీ ఉన్నవి ఒక పక్కకు, ఇంగ్లీషు రాజు, రాణి తలలు ఉన్నవి ఒక పక్కకు, నాలుగు సింహాలు ఉన్నవి మరో పక్కకు. ఏమీ అర్థం కాక మిగిలినవి, ఎగుడుదిగుడుగా ఉన్నవి, గుండ్రంగా లేనివి, వాటిని కూడా జాగ్రత్తగా వేరే పెట్టండి, పిల్లలకు ఆడుకోవడానికి ఇవ్వకండి. వెనకటి రోజుల్లో సుత్తితో కొట్టిన నాణేలు అట్లాగే ఉంటాయి.

ఇక చేతిలో ఒక అయస్కాంతం ఉండాలి, పాడైన స్పీకర్‌లోంచి తీసినదైనా సరే. గ్రాముల్లో, వీలైతే పాయింట్ల దాకా చూపించే చిన్న తూకం మిషన్ ఉంటే మంచిది, లేదా తెలిసిన అవుసులాయన దుకాణంలో తూచి చూడమని అడగండి, అమ్ముతానని మాత్రం అప్పుడే చెప్పకండి. ఫోన్ కెమెరాను దగ్గరికి జూమ్ చేస్తే భూతద్దం అవసరం కూడా ఉండదు.

దయచేసి కడగకండి, తోమకండి. చింతపండుతో రుద్దడం, పీతాంబరి వేయడం, ఇటుక పొడితో మెరిపించడం మనకు రాగి చెంబుల దగ్గర ఉన్న అలవాటు, నాణేనికి అది పనికిరాదు. పైన పట్టిన నల్లటి, గోధుమ రంగు పొర ఆ నాణెం వయసుకు సాక్ష్యం. అది పోయి తెల్లగా మెరిసిన బిళ్లను చూడగానే సేకరించేవాళ్లు ధర సగానికి, కొన్నిసార్లు అంతకంటే కిందికి దించేస్తారు. మట్టి ఉంటే మామూలు నీళ్లలో ముంచి తీసి, రుద్దకుండా బట్ట మీద ఆరబెట్టండి, అంతకు మించి ఏమీ చేయకండి.

రాజు, రాణి బొమ్మల రూపాయలు

మన పెద్దవాళ్లు కల్దార్ అనేది వీటినే. నిజాం రాజ్యంలో హాలీ రూపాయి చెల్లేది, దాని పక్కనే బ్రిటిష్ వాళ్ల కల్దార్ కూడా నడిచేది, ఏడు హాలీ రూపాయలకు ఆరు కల్దార్లు అన్నది లెక్క. అందుకే మన దిక్కు ఒకే మూటలో రెండూ కలిసి దొరుకుతాయి.

కల్దార్ రూపాయి బరువు 11.66 గ్రాములు. 1939 దాకా కొట్టిన వాటిలో 91.7 శాతం వెండి, అంటే ఒక్కో బిళ్లలో దాదాపు 10.69 గ్రాముల స్వచ్ఛమైన వెండి. యుద్ధం వచ్చాక 1940 నుంచి 1945 దాకా వెండిని సగానికి తగ్గించారు, వాటిలో 5.83 గ్రాములే ఉంటుంది. 1946, 1947 వాటిలో వెండి అసలు లేదు, అది నికెల్. ఇక్కడే చాలామంది పొరపడతారు, ఎందుకంటే 1947 రూపాయి బరువు కూడా అదే 11.66 గ్రాములు, వెనక పులి బొమ్మ చూడటానికి ఎంతో అందంగా ఉంటుంది. తూకంలో తేడా తెలియదు, అయస్కాంతం పెడితే మాత్రం నికెల్ టక్కున అంటుకుంటుంది, వెండి అంటుకోదు. స్వాతంత్ర్యం తర్వాత 1950, 1954లో వచ్చిన కంకుల బొమ్మ రూపాయలు కూడా నికెలే, వాటినీ వెండి అనుకుని దాచినవాళ్లు ఉన్నారు. ఒక్క మాట గుర్తుంచుకోండి, అంటుకుంటే వెండి కాదని ఖాయం, అంటుకోనంత మాత్రాన వెండి అని ఖాయం కాదు, రాగి నికెల్ కలిపిన లోహం కూడా అంటుకోదు. అందుకే అయస్కాంతం, తూకం, సంవత్సరం మూడూ కలవాలి.

ఇప్పుడు కనీస ధర కట్టడం సులువే. ఆ రోజు వెండి గ్రాము ఎంతో చూడండి. ఉదాహరణకు లెక్క కోసం గ్రాము 100 రూపాయలనుకుంటే 1918 రూపాయిలో 1,069 రూపాయల వెండి ఉంది, 1944 రూపాయిలో 583 రూపాయల వెండి ఉంది. ఎవరైనా దీనికంటే బాగా తక్కువకు అడిగితే ఇవ్వకండి. అవుసులాయన గానీ గిర్వి సేటు గానీ తరుగు కొంత పట్టుకుంటారు, అది వాళ్ల వ్యాపారం, కానీ 1918 బిళ్లను సగం వెండి అని చెప్పి తీసుకుంటే అది మోసం. అర్ధ రూపాయికి ఈ అంకెల్లో సగం, పావలాకు నాలుగో వంతు.

ఇది కనీసం మాత్రమే. దీని మీద ఎంత ఎక్కువ వస్తుందన్నది సంవత్సరం, స్థితి చూసి తేలుతుంది. విక్టోరియా రాణి రూపాయల మీద 1862 అని ఉంటే అబ్బో అనుకుంటారు, కానీ ఆ 1862 అచ్చును తర్వాత 1874 దాకా మార్చకుండా కొట్టారు, అందుకే అవి బాగానే దొరుకుతాయి. 1876 దాకా ఆమె పేరు ముందు క్వీన్ అని, 1877 నుంచి ఎంప్రెస్ అని ఉంటుంది. కిరీటం లేని గడ్డపు రాజు ఏడో ఎడ్వర్డ్, ఆ రూపాయలు 1903 నుంచి 1910 దాకా వచ్చాయి. ఐదో జార్జి తొలి రూపాయి 1911ది ఉంటే పక్కన పెట్టండి. రాజు అంగీ మీద ఉన్న గొలుసులో ఏనుగు బొమ్మ పంది లాగా కనిపిస్తున్నదని పెద్ద గొడవ జరిగి, 1912లో ఆ బొమ్మను సరిచేశారు, ఇప్పటికీ సేకరించేవాళ్లు దాన్ని పిగ్ రూపీ అనే పిలుస్తారు, మామూలు రూపాయి కంటే ఎక్కువ ఇస్తారు. 1939ది ఉంటే సంబరపడే ముందు ఆ చివరి 9 అంకెను బాగా జూమ్ చేసి చూడండి, సంవత్సరాన్ని చెక్కి మార్చిన నకిలీలు తిరుగుతున్నాయి.

కొండీ అతికించినవి, రంధ్రం చేసినవి, దండకు గుచ్చినవి అయితే సేకరించేవాళ్లు కొనరు, వాటికి వెండి ధరే. దేవరకొండ, అచ్చంపేట దిక్కు తండాల్లో లంబాడా ఆడవాళ్ల పాత నగల్లో ఇట్లాంటి బిళ్లలు చాలా కనిపిస్తాయి. వాటిని ఊడదీసి విడి బిళ్లలుగా అమ్మడం నష్టం, ఆ నగ మొత్తంగా ఉంటేనే విలువ, పాత నగలు సేకరించేవాళ్లు దాన్ని దానిగానే కొంటారు. అమ్మకుండా ఉంటే ఇంకా మంచిది, అట్లాంటి పనితనం ఇప్పుడు చేయించాలన్నా చేసేవాళ్లు దొరకరు.

అణా బిళ్లలు, బేడలు, మధ్యలో పెద్ద రంధ్రం ఉన్న చిల్లు కానీలు ఇంటింటా ఉంటాయి. చిల్లు కానీ 1943 నుంచి 1947 దాకా వచ్చింది, యుద్ధం రోజుల్లో రాగి ఆదా చేయడానికి మధ్యలో తీసేశారు. చూడముచ్చటగా ఉంటుంది కానీ ధర తక్కువే, పిల్లలకు చూపించడానికి దాచుకోండి.

చార్మినార్ బిళ్లలు, హాలీ నోట్లు: మన దిక్కు అసలు సొమ్ము ఇదే

చార్మినార్ ఉన్న వెండి రూపాయి మహబూబ్ అలీ ఖాన్, ఉస్మాన్ అలీ ఖాన్ కాలాలది. ఏ నిజాందో తెలుసుకోవడానికి చార్మినార్ నడిమి కమాను లోపల చూడండి, అక్కడ ఒక చిన్న ఉర్దూ అక్షరం ఉంటుంది. మీమ్ ఉంటే మహబూబ్ అలీది, ఐన్ ఉంటే ఉస్మాన్ అలీది. ఉర్దూ రాకపోతే మీ ఊళ్లో చదవగలిగే పెద్దాయనకు ఫోటో చూపించండి, ఒక్క నిమిషం పని, ఆయన కూడా సంతోషంగా చెబుతాడు. బిళ్ల మీద ఉండేది హిజ్రీ సంవత్సరం, దాన్ని 0.97తో గుణించి 622 కలిపితే ఇంగ్లీషు సంవత్సరం దగ్గరగా వస్తుంది. 1330 అని ఉంటే 1912 అన్నమాట.

హాలీ రూపాయి తూకం 11.18 గ్రాముల దరిదాపు, వెండి 81.8 శాతం, అంటే 9.14 గ్రాముల స్వచ్ఛమైన వెండి. చివరి ఏళ్లలో కొట్టిన వాటిలో వెండి తగ్గించారు, అందుకే సంవత్సరం చదవకుండా ధర ఒప్పుకోవద్దు. కల్దార్ కంటే వెండి తక్కువ కాబట్టి అవుసుల దుకాణంలో దీన్ని రెండో రకంగా చూస్తారు, కరిగించేవాడి లెక్క అదే. కానీ సేకరించేవాడి లెక్క వేరు. హాలీ బిళ్లలు ఒక్క హైదరాబాద్ రాజ్యంలోనే నడిచాయి, కొన్ని సంవత్సరాలవి, అర్ధ రూపాయి, పావలా, బేడ లాంటి చిన్నవి మంచి స్థితిలో దొరకడం కష్టం. బంగారు అష్రఫీ ఉంటే చెప్పనవసరం లేదు, దాన్ని ఎవరికీ చూపించకుండా నేరుగా వేలం సంస్థ దగ్గరికే తీసుకెళ్లండి.

హాలీ కాగితం నోట్ల గురించి ఇంకా ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే వీటి విలువ తెలియక చింపి పారేసిన ఇండ్లు ఎన్నో. మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లో వెండి కరువు వచ్చి 1918లో నిజాం సర్కారు 10, 100 రూపాయల నోట్లు తెచ్చింది, 1919లో 1, 5 రూపాయలవి, 1926లో 1,000 రూపాయలది వచ్చాయి. ఉర్దూతో పాటు తెలుగు, కన్నడ, మరాఠీల్లో కూడా విలువ రాసి ఉంటుంది, కాబట్టి మన అక్షరాలు చూసి గుర్తుపట్టవచ్చు. వీటి మీద ఫసలీ సంవత్సరం, అంటే భూమి శిస్తు లెక్కలకు వాడే సంవత్సరం ఉంటుంది. పాత పహాణీలు చూసినవాళ్లకు ఫసలీ కొత్త కాదు, దానికి 590 కలిపితే సరిపోతుంది. చిరిగినా, మడత పడినా, మరక ఉన్నా సరే, హాలీ నోటు అయితే పారేయకండి, 100, 1,000 రూపాయలవి అయితే అసలే వద్దు. అంటించడానికి సెల్లోటేపు వేయకండి, టేపు వేసిన నోటు ధర పడిపోతుంది, ఆ జిగురు కాగితాన్ని తినేస్తుంది కూడా.

చార్మినార్ లేకుండా మందంగా, ఫార్సీ రాతతో, అంచులు సరిగా లేకుండా ఉన్న పాత బిళ్లలను చాలామంది రాగి తుక్కు కింద వేస్తారు. గద్వాల, వనపర్తి, నారాయణపేట పేర్ల మీద నాణేలు ఉన్న సంగతి మన పాలమూరు వాళ్లలోనే చాలామందికి తెలియదు. వనపర్తి సంస్థానం బిళ్లల మీద టంకశాల పేరు సుగూరు, నారాయణపేటవాటి మీద దిల్షాదాబాద్. ఇవి చార్మినార్ రూపాయల్లాగా ప్రతి మూటలో దొరికేవి కావు. అందుకే అర్థం కాని బిళ్లను రెండు వైపులా, పక్క నుంచి, తూకం మిషన్ మీద పెట్టి, ఇట్లా నాలుగు ఫోటోలు తీసి, తెలిసినవాళ్లతో చదివించేదాకా అమ్మకండి. మన ఊరి పేరు ఉన్న నాణెం మన దిక్కే ఉండాలన్నది నా కోరిక, అమ్మాల్సి వచ్చినా తుక్కు ధరకు మాత్రం పోవద్దు.

నాలుగు సింహాలవి

వీటి సంగతి త్వరగా చెబుతాను, ఎక్కువవాటికి ధర లేదు. 1957 ఏప్రిల్ 1 నుంచి రూపాయికి 100 నయా పైసలు అయ్యాయి, 1964లో నయా అన్న మాట తీసేశారు. ఆ అల్యూమినియం పైసలు, అలల అంచు ఉన్న పది పైసలు, తామర పువ్వు ఇత్తడి 20 పైసలు డబ్బాల కొద్దీ ఉన్నాయి. 25 పైసలు, అంతకు తక్కువవి 2011 జూన్ 30 నుంచి చెల్లడం లేదు, బ్యాంకులో కూడా మార్చుకోలేరు. 50 పైసలు మాత్రం ఇప్పటికీ చెల్లుతుంది.

చూడాల్సింది వెండివి. 1969లో గాంధీజీ శతజయంతికి వచ్చిన 10 రూపాయల బిళ్ల 15 గ్రాములు, 80 శాతం వెండి, ఇది కొన్ని ఇండ్లలో ఉంటుంది. ఇక సంవత్సరం కింద చిన్న గుర్తు చూడండి, నక్షత్రం ఉంటే మన హైదరాబాద్ టంకశాలది, వజ్రం ఆకారం ఉంటే ముంబైది, చుక్క ఉంటే నోయిడాది, ఏమీ లేకపోతే కోల్‌కతాది. ఒకే సంవత్సరంలో ఒక టంకశాలవి కోట్లలో, ఇంకోదానివి తక్కువగా కొట్టిన సందర్భాలు ఉన్నాయి, అందుకే అడిగేవాళ్లు ఈ గుర్తు అడుగుతారు. అచ్చు తప్పి బొమ్మ ఒక పక్కకు జరిగినవి, ఒకే బొమ్మ రెండు వైపులా ఒకటి ఎత్తుగా ఒకటి గుంటగా పడినవి ఉంటే వాటికి నిజంగానే ఎక్కువ ఇస్తారు, కాకపోతే సుత్తితో కొట్టి తయారు చేసినవి కూడా ఉంటాయి కాబట్టి బాగా పరిశీలిస్తారు.

చెలామణికి కాకుండా టంకశాల నేరుగా అమ్మేవి వేరు. 2023లో ఎన్టీఆర్ శతజయంతికి వచ్చిన 100 రూపాయల నాణెం అట్లాంటిదే, 35 గ్రాములు, సగం వెండి, టంకశాలే 4,000 రూపాయల పైన ధర పెట్టి అమ్మింది. ఇవి కొన్నవాళ్లు డబ్బా, దానితో వచ్చిన కాగితం పారేయకండి, అవి లేకపోతే ధర తగ్గుతుంది.

కాగితం నోట్లు

నోటుకు స్థితే ప్రాణం. మడత లేని నోటుకు వచ్చే ధర, జేబులో నలిగిన అదే నోటుకు రాదు, తేడా పది రెట్లు కూడా ఉండొచ్చు. పూర్వం బ్యాంకుల్లో కట్టలకు పిన్నులు కొట్టేవాళ్లు, 2001లో రిజర్వు బ్యాంకు ఆపమన్నది, అందుకే అంతకు ముందు నోట్లకు పిన్ను రంధ్రాలు ఉండటం మామూలే, దానికి దిగులు పడొద్దు. ఇస్త్రీ చేయడం, రబ్బరుతో పేర్లు తుడపడం మాత్రం చేయొద్దు.

ఒక రూపాయి నోటు మీద రిజర్వు బ్యాంకు గవర్నర్ సంతకం ఉండదు, ఆర్థిక శాఖ కార్యదర్శి సంతకం ఉంటుంది, ధర ఆ సంతకాన్ని బట్టే. 1949లో సింహాల గుర్తుతో వచ్చిన తొలి రూపాయి నోటు మీద కె.ఆర్.కె. మీనన్ సంతకం ఉంటుంది, అది బాగుంటే మంచి ధర. 1994లో అచ్చు ఆపే ముందు వచ్చిన మాంటెక్ సింగ్ అహ్లూవాలియా సంతకం నోట్లు చాలా ఉన్నాయి, విడి నోటుకు కొద్దిగానే వస్తుంది, బ్యాంకు కట్ట కట్టగానే ఉంటే కొంచెం నయం. 2015లో మళ్లీ మొదలైనవి కొత్తవి.

786 నంబరు గురించి అందరూ అడుగుతారు. ప్రతి వెయ్యి నోట్లలో ఒకటి 786తోనే ముగుస్తుంది, అట్లాంటప్పుడు అది అరుదు ఎట్లా అవుతుంది? నమ్మకం ఉన్నవాళ్లు ఇష్టంగా కొంత ఎక్కువ ఇచ్చి కొంటారు, లక్షలు కాదు. ఆరు అంకెలూ ఒకటే ఉన్నవి, 000001 లాంటివి, 786786 లాంటివి అయితే నిజంగానే తక్కువ, వాటికి అడిగేవాళ్లు ఉంటారు. అక్షరాలకూ నంబరుకూ మధ్య నక్షత్రం ఉన్న నోట్లు 2006 నుంచి వస్తున్నాయి, పాడైన నోటుకు బదులుగా వేసినవి అవి, మామూలుగా చెల్లుతాయి, కొన్ని రకాలకే అదనపు ధర.

రద్దయిన పాత 500, 1,000 నోట్లు దాచుకున్నవాళ్లు ఈ సంగతి తెలుసుకోవాలి. 2017 చట్టం ప్రకారం అవి మొత్తం కలిపి పదికి మించి ఉండకూడదు, నాణేల అధ్యయనం, పరిశోధన కోసమైతే 25 దాకా. మించితే 10,000 రూపాయలు లేదా ఆ నోట్ల విలువకు ఐదింతలు, ఏది ఎక్కువైతే అది జరిమానా. 2,000 నోటు సంగతి వేరు, 2023 మేలో వెనక్కి తీసుకున్నా అది రద్దు కాలేదు, మామూలు బ్యాంకులో తీసుకోరు కానీ హైదరాబాద్ సైఫాబాద్‌లోని రిజర్వు బ్యాంకు ఆఫీసులో ఇవ్వవచ్చు, పోస్టులో పంపి ఖాతాలో వేయించుకోవచ్చు.

ధర తెలుసుకునేది ఎక్కడ, అమ్మేది ఎక్కడ

ఆన్‌లైన్‌లో ఎవరో రెండు లక్షలు అని పెట్టాడని మీ బిళ్ల కూడా అంతే అనుకోవద్దు. అది వాడు అడిగే ధర, ఎవరూ కొనకపోతే పదేళ్లయినా అక్కడే ఉంటుంది. చూడాల్సింది అమ్ముడుపోయిన ధర. మరుధర్ ఆర్ట్స్, టోడీవాలా లాంటి వేలం సంస్థలు ఏ నాణెం ఎంతకు పోయిందో తమ సైట్లలో పెడతాయి. మీ దానికి సరిపోయే పాలకుడు, సంవత్సరం, టంకశాల, స్థితి చూసి పోల్చుకోండి, మీ బిళ్ల అరిగిపోయి ఉంటే అక్కడ మెరిసే బిళ్లకు వచ్చిన ధర ఆశించకండి.

హైదరాబాద్‌లో నాణేల వ్యాపారులు ఉన్నారు, నాణేల ప్రదర్శనలు కూడా జరుగుతుంటాయి, అక్కడ ఒకే రోజు చాలామందికి చూపించవచ్చు. ఒక్కరి మాటకే అమ్మకండి, కనీసం ముగ్గురిని అడగండి. మొత్తం మూట ఒకేసారి ముందు పెట్టకండి, మూటకు ఒక ధర కడితే అందులో ఉన్న మంచి బిళ్ల కూడా దానితోనే పోతుంది. నేను ఇంత అనుకుంటున్నా అని ముందు మీరు చెప్పకుండా, మీరు ఎంతిస్తారు అని అడగండి. వ్యాపారి తన లాభం చూసుకుని వేలం ధర కంటే తక్కువే ఇస్తాడు, అది న్యాయమే, కానీ వెండి ధరకు పైన ఎంత ఇస్తున్నాడో లెక్క మీ దగ్గర ఉండాలి. వందేళ్లు దాటిన నాణెం చట్టం ప్రకారం పురావస్తువు కిందికి వస్తుంది, విదేశాల్లో ఎక్కువిస్తామన్నారని పోస్టులో పంపితే కేసు అవుతుంది.

ముందుగా పైసలు అడిగారా, ఫోన్ పెట్టేయండి

మోసం జరిగే తీరు దాదాపు ఒక్కటే. వీడియో కింద ఉన్న నంబరుకు మీరు ఫోటో పంపుతారు, అవతలివాడు వెంటనే మీ బిళ్లకు ఐదు లక్షలు, ఏడు లక్షలు అంటాడు. తర్వాత రిజిస్ట్రేషన్ ఫీజు, ఆ తర్వాత జీఎస్టీ, ఆ తర్వాత రిజర్వు బ్యాంకు సర్టిఫికెట్ ఖర్చు, డబ్బు కారులో బయల్దేరింది, దారిలో పోలీసులు ఆపారు, ఇంకొంచెం పంపండి అని టెన్షన్ పెడతాడు. రిజర్వు బ్యాంకు ముద్ర ఉన్న లెటర్, ఐడీ కార్డు కూడా పంపుతాడు. రిజర్వు బ్యాంకు పాత నోట్లు, నాణేలు ఇట్లా కొనదు, అమ్మదు, కమీషన్ అడగదు, ఎవరికీ ఆ అధికారం ఇవ్వలేదు, 2021 ఆగస్టులో ఈ మాట ప్రకటనగానే చెప్పింది. వస్తువు కొనేవాడు డబ్బు ఇస్తాడు, తీసుకోడు. ఇప్పటికే పంపి ఉంటే సిగ్గుపడి దాచిపెట్టకండి, వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, ఎంత త్వరగా చేస్తే ఆ ఖాతాలో డబ్బు ఆపగలిగే అవకాశం అంత ఎక్కువ.

ఒక వైపు రాముడి పట్టాభిషేకం, ఇంకో వైపు 1818 సంవత్సరం, ఈస్టిండియా కంపెనీ పేరు ఉన్న రాగి బిళ్ల మీ దగ్గరుంటే అది అసలు నాణెమే కాదు. కంపెనీ అట్లాంటిది ఎప్పుడూ కొట్టలేదు, గుళ్ల దగ్గర అమ్మే పూజ బిళ్ల అది. దానికి బియ్యాన్ని లాగే శక్తి ఉందని రైస్ పుల్లింగ్ పేరుతో ఊళ్లలో తిరిగే ముఠాల చేతిలో పొలాలు అమ్ముకుని మోసపోయినవాళ్లు ఉన్నారు. బియ్యాన్ని లాగే లోహం ఈ లోకంలో లేదు. ఎవరైనా ఆ మాట ఎత్తితే ఊళ్లో నలుగురికీ చెప్పండి.

పొలంలో, పాత గోడలో దొరికితే

నాగలికి తగిలిన కుండ, కూలగొట్టిన గోడలో దొరికిన మూట మీ సొంతం అనుకోవద్దు. 1878 నాటి నిక్షేపాల చట్టం ఇప్పటికీ అమల్లో ఉంది, నేలలో దాగి దొరికిన దాని విలువ 10 రూపాయలు దాటితే కలెక్టరుకు తెలపాలి. తెలిపినవాళ్లకు, భూమి యజమానికి చట్టంలో వాటా ఉంది, దాస్తే జైలు ఉంది. మన నేల మామూలు నేల కాదు, పాత నల్లగొండ జిల్లా అక్కన్‌పల్లిలో రోమన్ వెండి నాణేలు దొరికాయి, సూర్యాపేట జిల్లా ఫణిగిరిలో 2024లో తవ్వకాల్లో ఒక్క కుండలో 3,730 సీసపు నాణేలు బయటపడ్డాయి, ఇక్ష్వాకుల కాలంవి, ఒక వైపు ఏనుగు గుర్తుతో. కుండ ఎక్కడ, ఎంత లోతులో, దేని పక్కన దొరికిందన్నది కూడా చరిత్రే, అందుకే దొరికిన చోటు నుంచి కదపకుండా ఫోటో తీసి, తహసీల్దారు ఆఫీసుకు గానీ హెరిటేజ్ తెలంగాణ శాఖకు గానీ చెప్పండి.

ఇంట్లో వంశంగా వచ్చినవాటికి ఈ చట్టంతో పని లేదు. అమ్మొద్దనుకుంటే ఒక్కో బిళ్లను విడిగా కాగితం కవర్లో పెట్టండి, మెత్తటి ప్లాస్టిక్ పర్సుల్లో పెడితే కొన్నేళ్లకు పచ్చగా జిగట పడుతుంది. నోట్లను మడవకుండా గట్టి అట్టల మధ్య, ఎండ తగలని చోట, చెమ్మ పట్టకుండా పెట్టండి. కవరు మీద పెన్సిల్‌తో ఏ తాత దగ్గరి నుంచి, ఏ ఊరి నుంచి వచ్చిందో రాయండి, తూకం, సంవత్సరం కూడా. పట్టుకునేటప్పుడు అంచులే పట్టుకోండి, వేళ్ల చెమట వెండి మీద మరకలు వేస్తుంది.